స్త్రీపర్వము యుద్ధషట్కమున నేల చేరెను?

ఆంధ్రమహాభారతమునందలి భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య, సౌప్తిక, స్త్రీపర్వములను మన పండితులు యుద్ధషట్కమని వ్యవహరింతురు. ఇందు మొదటి యైదింట ఆయుధముల మ్రోత కలదు. ఆఱవదానియందు పోరు లేదు. దుర్యోధనుడు తొడలు విఱిగి కూలినాడు; అశ్వత్థామ నడురేయి పాండవశిబిరమును రూపుమాపినాడు; ఇక పోరుటకు మిగిలినవారే లేరు. అట్టి పర్వమును యుద్ధమున నేల చేర్చిరి? కథాక్రమమున ప్రక్కనున్నది గనుక చేర్చిరని చెప్పి యూరకుండవచ్చును. కాని ప్రక్కనుండుటయే కారణమైనచో శాంతిపర్వమును దాని ప్రక్కనే యున్నది, దానిని చేర్పరైరి. కావున నీ విభాగమునకు లోతైన హేతువు కలదని నా తలంపు. గెలుపుతో యుద్ధము ముగియదు. ఉభయపక్షముల మృతులను లెక్కించి, పేర్కొని, వారికి నీళ్లు వదలిన నాడే ముగియును. ఆ పని తీఱినగాని శాంతిపర్వమునకు తలుపు తెఱువబడదు. ఈ వ్యాసమున ప్రతిపాదింపబూనిన దింతియే.

తిక్కన సోమయాజి రచించిన పదునైదు పర్వములలో 46 ఆశ్వాసములు కలవు. విరాటోద్యోగములు రెంటికి 9, యుద్ధషట్కమునకు 17, శాంతిపర్వము మొదలు స్వర్గారోహణము వఱకు 20. అనగా యుద్ధమునకంటె యుద్ధానంతర కథకే యా మహాకవి యెక్కువ యాశ్వాసములను వినియోగించెను. మన పఠనపాఠనములలో నీ పాళ్లు తలక్రిందులైనవి. శ్రీకృష్ణరాయబార ఘట్టము నెఱుగని విద్యార్థి యరుదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు రంగస్థలమున బొందిన ప్రసిద్ధి లోకవిదితము. విజయమునకు పిమ్మట నేమాయెనని యడిగెడి విద్యార్థికి మనమిచ్చు సమాధానము సాధారణముగ పట్టాభిషేకమను నొక్క మాటతో ముగియుచున్నది. జహీరాబాదు ప్రాంతమున నీ ప్రశ్న వట్టి శాస్త్రచర్చ కాదు. 1948 సెప్టెంబరున సేనలు నడచిన బాటపై నున్న యూరది. ఆ విషయము ముందు వచ్చును. తొలుత గ్రంథమును పరిశీలింతము.

శాంతిపర్వమునకు పూర్వులు చెప్పిన యర్థము ప్రసిద్ధము. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక చతుర్థోద్ద్యోతమున భారతమునకు శాంతరసమే యంగియనియు, మోక్షమే పరమపురుషార్థమనియు నిర్ణయించెను. ఈ సిద్ధాంతమును ద్రోసిపుచ్చుట నా యుద్దేశము కాదు. యాదవుల నాశమును, పాండవుల మహాప్రస్థానమును చూచినవా డెవ్వడును దానిని కాదనజాలడు. కాని శాంతియన వైరాగ్యమే యని తలచి, స్త్రీపర్వమును కరుణరసమున కుదాహరణముగను, శాంతిపర్వమును నీతివాక్యముల పేటికగను మాత్రమే చదువుట చేత నొక ముఖ్యార్థము మఱుగుపడినది. ధర్మరాజు తొలుత కోరినది వైరాగ్యమే. రాజ్యము వలదు, అడవికి బోయెదనని యతడు పలుమాఱు పలికెను. తమ్ములు, ద్రౌపది, వ్యాసుడు, శ్రీకృష్ణుడు, అందఱును వలదనిరి. గెలిచినవాడు దుఃఖపడి తొలగిపోవుట శాంతి కాదనియు, చెడిన లోకమును నిలువబెట్టుట వాని ఋణమనియు వారి వాదముల సారము. కావున శాంతిపర్వము వైరాగ్యమును బోధించుటకు ముందు వైరాగ్యమును నిరోధించుచున్నది. ఈ పౌర్వాపర్యమును విమర్శకులు గమనింపవలెను.

ఇక స్త్రీపర్వకథ. ధృతరాష్ట్రుని కౌగిలిలో నినుపభీముడు నుగ్గగుటయు, గాంధారి చూపు సోకి ధర్మరాజు కాలిగోళ్లు కమలుటయు నందఱెఱిగినవే. వానితో సమానమైన గౌరవమున కర్హమైనది ద్రౌపదీ గాంధారుల సమాగమము. కొడుకులను గోల్పోయి విలపించు కోడలిని నూర్వురు కొడుకులను గోల్పోయిన యత్తగారు చేరదీసి, నీవెట్లో నేనట్లే యని యోదార్చును. ద్రౌపది పరాభవమునకు గాంధారి పుత్రులే హేతువులు. గాంధారి పుత్రశోకమునకు ద్రౌపది భర్తలే హేతువులు. అయినను ఇరువురి దుఃఖము నొక్క త్రాసున దూచినది గెలిచిన పక్షము కాదు, ఓడిన పక్షపు తల్లి. అటుపిమ్మట దివ్యదృష్టితో రణభూమిని జూచుచు నామె శ్రీకృష్ణునకు మృతుల నొక్కొక్కరిని పేరుపేరున చూపును. అందు దుర్యోధన దుశ్శాసనులే కాదు, అభిమన్యుడు కలడు. విరాట ద్రుపదులు కలరు. తన కొడుకుల పక్షమును, పగవారి పక్షమును నామె విలాపమున వేఱుపడలేదు. కవి యుత్తర దుఃఖమును గాంధారి నోట పలికించుటలోని యౌచిత్య మిదియే.

విలాపానంతరము ధృతరాష్ట్రుడు ధర్మరాజు నొక ప్రశ్న యడుగును: ఈ యుద్ధమున మడిసిన వారెందఱు? ఓడినవాడు గెలిచినవానిని లెక్క యడిగినాడు. గెలిచినవాడు దాచక చెప్పినాడు. వ్యాసభారతమున మృతుల సంఖ్యయే కాక జాడ తెలియనివారి సంఖ్యయు వేఱుగ జెప్పబడినది. పిదప దహనక్రియలకు ధర్మరాజు నియోగించినవారిని చూడుడు. కౌరవపురోహితుడు సుధర్ముడు, పాండవపురోహితుడు ధౌమ్యుడు, ధృతరాష్ట్రుని సూతుడు సంజయుడు, ధర్మరాజు సారథి యింద్రసేనుడు, వీరితో విదుర యుయుత్సులు. ఉభయపక్షములవారును కూడి చేయవలసిన పని యని దీని భావము. నానాదేశములనుండి వచ్చి దిక్కులేక పడియున్న వారి శవములను గూడ విదురుడు పోగుచేయించి దహింపజేసెను. కడపట గంగాతీరమున కుంతి నోరు విప్పి కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని చెప్పును. శత్రువని చంపినవాడు అన్నయని తెలియుట తర్పణవేళనే జరిగినది. లెక్కింపకున్నచో, పేర్కొనకున్నచో, నీ సత్యము బయల్పడి యుండెడిది కాదు. ఇట్లు యుద్ధము గంగయొడ్డున ముగిసినది. స్త్రీపర్వము యుద్ధషట్కమున జేరుట యందుచేతనే సమంజసము.

శాంతిపర్వ ప్రారంభమునందలి రాజకార్యములును నీ తీరుననే నడచును. దిక్కులేని రాజులకు సైతము ధర్మరాజు శ్రాద్ధములు పెట్టించి, వారివారి పేర సభలను, చలిపందిళ్లను, చెఱువులను నిర్మింపజేసెను. భర్తలను, కొడుకులను గోల్పోయిన స్త్రీలను పోషించెను. మడిసిన రాజుల రాజ్యములందు వారి సోదరులనో పుత్రపౌత్రులనో నిలుపుమనియు, కుమారులు లేనిచోట కన్యలకే యభిషేకము చేయుమనియు వ్యాసుడు వ్యాసభారతమున నుపదేశించును. అంతకంటె నాశ్చర్యకరమైన దొకటి కలదు. గెలిచిన రాజు రాజధర్మమును నేర్చుకొన్నది ఎవ్వనియొద్ద? పదిదినములు కౌరవసేనకు నాయకుడై తన బలగమును చీల్చి చెండాడిన భీష్మునియొద్ద, అతని యంపశయ్యకడ. ఓడిన పక్షపు సేనాపతి గెలిచిన రాజునకు గురువగుట లోకచరిత్రమున నరుదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినపుడు జర్మనుల ప్రతినిధులను సంధిచర్చలకు రానీయక, సిద్ధమైన షరతులను 1919 మే నెలలో వారిచేతి కందించిరి. జూను 28న వేర్సాయిలో సంతకములు చేయించిరి. ఆ సంధి యిరువదియేండ్లైన నిలువలేదు. దానికి కారణములనేకములు, ఓడినవాని మాట వినకుండుట వానిలో నొకటి యనుట సాహసము కాదు.

అయితే భారతకవి శాంతిని చవుకగ నమ్మినవాడు కాడు. అశ్వమేధమున గుఱ్ఱము వెంట నరుగు నర్జునునితో, యుద్ధమున బంధువులను గోల్పోయిన రాజులను చంపవలదని ధర్మరాజు చెప్పి పంపును. అయినను సైంధవదేశమున పోరు తప్పలేదు. అర్జునుడు వచ్చినాడని వినుటతోడనే సైంధవుని కొడుకు సురథుని గుండె యాగినది. దుస్సల పసిబిడ్డయైన మనుమని జేతబట్టుకొని యెదుటికి వచ్చినపుడు గాని యా పోరాగలేదు. ఆశ్రమవాసపర్వమున పదునైదేండ్లు గడచిన పిదపను, భీముడు ముసలిరాజు చెవిని బడునట్లు తన భుజములను చఱచుకొని, అతని కొడుకులను జంపినవి యివియే యని పలుకును. ధృతరాష్ట్రు డడవికి బయలుదేఱుటకు ఆ మాట యొక కారణము. పోవునపుడతడు మృతులకు శ్రాద్ధము చేయుటకై ధన మడిగెను. భీముడు వలదనెను, అర్జున ధర్మరాజు లిప్పించిరి. పదునైదేండ్ల శాంతి యొక్క మాటతో చెడగలదనియు, ఒక్క తర్పణముతో కొంత నిలువగలదనియు జూపుటయే కవి హృదయము.

ఇప్పుడు జహీరాబాదు మాట. 1948 సెప్టెంబరు 13న భారతసేన హైదరాబాదు రాజ్యమున బ్రవేశించెను. మేజర్ జనరల్ జె. ఎన్. చౌదురి నాయకత్వమున షోలాపురము దిక్కునుండి వచ్చిన ముఖ్యసేన, మందుపాతరలను తొలగించుకొనుచు, 16న జహీరాబాదును దాటినది. 17న నిజాము యుద్ధవిరమణమును ప్రకటించెను. 18న నతని సేనాపతి యెల్ ఎద్రూసు లొంగిపోయెను. ఐదుదినములలో ముగిసినదని వ్రాయు గ్రంథములు యుద్ధషట్కమున నైదు పర్వములనే చదివినట్లున్నవి. అంతకుముందు రజాకార్లచేత చచ్చినవారును, ఇండ్లు గోల్పోయినవారును ననేకులు. నాటి బీదరు జిల్లాలోని గోరట గ్రామమున 1948లో జరిగిన హత్యాకాండ ప్రసిద్ధము. సేన వచ్చిన పిమ్మట ముస్లిము ప్రజలపై ప్రతీకారము సాగినది. భారతప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫారు ప్రభృతుల సంఘము 1948 నవంబరు డిసెంబరులలో జిల్లాలు తిరిగి, మృతుల సంఖ్యను 27 వేలకు 40 వేలకు నడుమ నంచనా వేసెను. మిక్కిలి నష్టపడినవి యుస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలని పేర్కొనెను. జహీరాబాదు తాలూకా యపుడు బీదరు జిల్లాలోనిది; 1956లో మెదకు జిల్లాలో జేరినది. ప్రాణములకు తెగించి తోడిపనివారైన ముస్లిము సాలెలను గాచిన హిందూసాలెలును కలరని యా నివేదికయే చెప్పుచున్నది. దానిని నాటి ప్రభుత్వము వెలువరింపలేదు. కొందఱు చరిత్రకారులు భాగములను ముందే ప్రకటించినను, 2013లోగాని ఢిల్లీ నెహ్రూ గ్రంథాలయమున నది సర్వులకు జూడ లభింపలేదు.

ధృతరాష్ట్రుని ప్రశ్నకు సమాధానము సిద్ధమయ్యెను గాని యడిగినవాని చెవిని బడలేదని దీని యర్థము. పైస్థాయిలో శాంతి యొక విధముగ హస్తినాపుర పద్ధతిననే నడచెను. ఓడిన ప్రభువును వెడలగొట్టక 1950 జనవరి 26 మొదలు 1956 అక్టోబరు 31 వఱకు రాజప్రముఖునిగ నిలిపిరి. ధృతరాష్ట్రునకు దక్కిన మర్యాద వంటిదే యిది, ప్రశంసింపదగినదే. లోపించినది రెండవభాగము. దిక్కులేనివారి పేర చెఱువులు త్రవ్వబడలేదు. కౌరవపురోహితుడును పాండవపురోహితుడును కలసి చితులు పేర్చిన విధమున నుభయులు గూడి మృతుల పేళ్లను జదువలేదు.

ఇట్టి లెక్కలను తిరుగదోడినచో మానిన గాయములు రేగునని కొందఱి యాక్షేపణ. వారి భయము నిష్కారణము కాదు. ఒక పక్షపు మృతులనే లెక్కించి మఱియొక పక్షమును దూషించుటకు వాడువారు నేడును గలరు. అది భీముని భుజాస్ఫాలనము. గాంధారి చేసినది వేఱు. ఆమె పట్టికలో అభిమన్యుడును కలడు, లక్ష్మణకుమారుడును కలడు. గోరటయందు జచ్చినవారిని, పిదప జచ్చినవారిని నొక్క గంగలోనే తలచుకొనుట యా పద్ధతి. పగను పెంచునది లెక్క కాదు, చెప్పరాని లెక్క. కర్ణుని పుట్టుకను దాచుటచేత నెంత చేటు మూడినదో ధర్మరాజు తల్లితో నన్న మాటలే సాక్ష్యము.

ఈ పని సాహిత్యమునకును చెందినది. తెలంగాణ నవల యుద్ధపర్వములను సమృద్ధిగ వ్రాసినది. వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజలమనిషి, దాశరథి రంగాచార్య చిల్లరదేవుళ్లు, మోదుగుపూలు, దొరతనపు దౌష్ట్యమును, ప్రజల తిరుగుబాటును చిరస్థాయిగ నిలిపినవి. స్త్రీపర్వమునకు తులతూగు రచనలు మాత్రము కొలదియే. ఇటీవలి ముస్లిము కథకులు కొందఱీ కొఱతను తీర్ప నారంభించిరి. వారి రచనలను పక్షపాతపు కంటితో గాక పర్వక్రమమున వాని స్థాన మెఱిగి చదువవలెను. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ భాషలు చెవిని బడు జహీరాబాదున నిట్టి విలాపము లే భాషలో నున్నను వినువారు గలరు. ముదుసళ్ల నోట మిగిలిన మాటలను సేకరించుటకు కాలము మించిపోవుచున్నది.

బడులలోని పండితులకు నా మనవి యొకటి. రాయబారమును బోధించిన పిమ్మట స్త్రీపర్వమునుండి యొక్క ఘట్టమునైనను, గాంధారీ ద్రౌపదుల సమాగమమునో, ధృతరాష్ట్రుని ప్రశ్ననో, బోధింపుడు. రాయబారమున సంధి విఫలమైన విధమును నేర్చిన విద్యార్థికి, యుద్ధానంతరము సంధి యెట్లు కట్టబడెనో తెలియకపోవుట భారతమును సగముననే మూసివేయుట. తిక్కన యిరువది యాశ్వాసములు వ్రాసినది పారాయణమునకు మాత్రమే కాదు. ఈ విభాగమునకు నేను జెప్పిన హేతువు సరియైనదో కాదో, అంతకంటె బలమైన ప్రమాణము లుండిన నెట్టివో, విజ్ఞులు పరిశీలింతురు గాక.