లావు అక్షరాల లోపలి తెలుపు

తెనాలి నుండి రేపల్లె పోయే రైలుమార్గంలో జంపని ఒక స్టేషను. ఆ పేరును 'రామభద్ర' అనే ఫాంటులో పెద్దదిగా కూర్చి చూడండి. కంటికి ఇంపుగా ఉంటుంది. జ, ప, న మూడూ వంపు తిరిగిన అక్షరాలే, నడుమ సున్న, కింద ఒత్తులు లేవు. అదే మార్గంలోని భట్టిప్రోలు పేరును అదే ఫాంటులో కూర్చితే ఆ సుఖం తగ్గుతుంది. టవత్తు, రవత్తు తమ లావుతో వచ్చి పై అక్షరాల కింద ఇరుక్కుంటాయి. ఈ అచ్చు గుణమూ దోషమూ ఈ రెండు ఊళ్ళ నడుమనే తెలిసిపోతున్నవి.

రామభద్రను రూపొందించినవారు పురుషోత్ కుమార్ గుత్తుల. వెలువరించినది సిలికానాంధ్ర సంస్థ. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చును. అష్టదిగ్గజాలలో ఒకడైన అయ్యలరాజు రామభద్రుని పేరు దీనికి పెట్టారు. గీత అంతటా దాదాపు ఒకే లావు, కొసలు గుండ్రన. రోమను లిపిలో ఇట్టి వాటిని అక్షరాల కొసలనున్న చిన్న అడ్డుగీతలు తీసివేసి, మొనలు అరగదీసి చేస్తారు. 1979లో జర్మనీలోని ఫోక్స్‌వాగన్ కార్ల సంస్థకై వచ్చిన 'వాగ్ రౌండెడ్' అట్టిదే. తెలుగుకు ఆ అడ్డుగీతలు లేనేలేవు. తలకట్టు అలంకారం కాదు, అక్షరంలో భాగమే. గుండ్రదనమూ మనకు పుట్టుకతో వచ్చినదే. కాబట్టి మనకు ఇందులో కొత్తదనమల్లా లావే. పరీక్షింపవలసినదీ దానినే.

ష అక్షరాన్ని తీసుకొందాము. ప కడుపులో ఒక చిన్న గీత గీస్తే ష అవుతుంది. అక్షరం వెడల్పు 50 మిల్లీమీటర్లు, గీత లావు 10 అనుకొంటే, ఎడమ గోడ, నడిమి గీత, కుడి గోడ కలిసి 30 పోగా, మిగిలిన తెలుపు ఒక్కొక్క ప్రక్క 10. లావు 12.5 చేస్తే తెలుపు 6.25కు పడిపోతుంది. మామూలు కన్ను ఒక నిమిషం కోణానికి లోబడిన సందును విడదీయలేదు. అది 10 మీటర్ల దూరంలో సుమారు 2.9 మిల్లీమీటర్లు. ఈ లెక్కన మొదటి ష 34 మీటర్ల వరకు ష గానే ఉంటుంది. రెండవది 21 మీటర్లు దాటగానే నల్లని ముద్ద. లావు పెంచితే దూరం నుండి బాగా కనబడుతుందన్నది పెద్ద భ్రమ! కనబడేది మచ్చ, చదవబడేది తెలుపు.

వరిచేల గట్టున పడి ఉన్న పురుగుమందు డబ్బాపై 'విషం' అన్న మాటను ఇట్టి లావు అచ్చులో, చిన్న పరిమాణంలో వేస్తే ఏమవుతుందో ఊహించవచ్చును. ద-ధ, డ-ఢ జంటలకూ ఇదే గతి. వాటి నడుమ భేదమంతా అడుగున ఉన్న చిన్న నిలువుగీతే గదా.

పెండ్లిపత్రికపై పేర్లకు, సినిమా గోడపత్రికకు, దుకాణం బోర్డుకు రామభద్ర చక్కగా అమరుతుంది. శీర్షికలకే ఉద్దేశించినది కనుక ఆ మేరకు నిందింపరాదు. అయితే దీనికి పలుచని తోడు అచ్చు లేదు. శీర్షిక వేసిన చేతితోనే కింది నాలుగు పంక్తులనూ దీనిలోనే నింపడం అందువల్లనే జరుగుతుంది. ఆ పంక్తులకు వేరే అచ్చు తీసుకోవాలి. ఒత్తులున్న పేరు బోర్డుకెక్కేచోట పంక్తుల నడుమ ఎడం పెంచాలి. అక్షరాన్ని లావు చేసినంత మేర వెడల్పూ చేయాలి.