నొప్పి వచ్చేదాకా ఆగొద్దు

ఐటీ కంపెనీల్లో ఏడాదికోసారి చేయించే చెకప్ రిపోర్టును చాలామంది ఒకేలా చదువుతారు. ముందు షుగర్, తర్వాత కొలెస్ట్రాల్. స్కానింగ్ పేజీలో ‘గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్’ అని కనిపిస్తే, ‘మా టీమ్‌లో అందరికీ ఉన్నదేగా’ అని మూసేస్తారు.

అందరికీ ఉందన్నదే నా భయం. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు ఏఐజీ ఆస్పత్రి డాక్టర్లతో కలిసి హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకుని ఉంది. 71 శాతం మందికి ఊబకాయం. 2025లో వెలువడిన ఈ అధ్యయనాన్ని కేంద్ర ఆరోగ్య మంత్రి నడ్డా లోక్‌సభలోనూ ప్రస్తావించారు. 345 మందిని చూసి మొత్తం ఐటీ రంగాన్ని లెక్కగట్టలేం, నిజమే. అయినా తేలిగ్గా తీసుకునే అంకె కాదు.

లివర్ పైపొరకే తప్ప లోపలి భాగానికి నొప్పి తెలిపే నరాలు లేవు. కొవ్వు నిండుతున్నా మనకు తెలియదు. రక్తంతో చేసే లివర్ పరీక్ష ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉందని ధీమా పడటానికీ లేదు. కొవ్వు ఉన్న చాలామందిలో అది నార్మల్‌గానే ఉంటుంది. ఏళ్లు గడిచాక కొందరిలో ఈ కొవ్వు సమస్య సిరోసిస్ దాకా వెళుతుంది, మందు ముట్టనివాళ్లలో కూడా.

పొట్ట పెరిగేకొద్దీ లివర్‌లోనూ కొవ్వు చేరే ముప్పు పెరుగుతుంది. అందుకే నేను నెలనెలా దర్జీ టేపుతో నడుము కొలుచుకుంటాను. పరగడుపున, చొక్కా ఎత్తి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్య టేపు చుట్టాలి. ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి, పొట్ట బిగబట్టకూడదు. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. ప్యాంటు సైజును మాత్రం నమ్మకండి. పొట్ట పెరిగేకొద్దీ బెల్టు దాని కిందికి జారుతుంది, సైజేమో అదే ఉంటుంది.

ఇలా పొట్టలు పెరగడాన్ని ఉద్యోగుల బద్ధకం కింద కొట్టిపారేయడం అన్యాయం. క్యాబ్, లిఫ్టు, కుర్చీ, మళ్లీ క్యాబ్. అమెరికా టైమింగ్స్‌లో చేసేవాళ్లకు కాల్స్ అయ్యాక అర్ధరాత్రి బిర్యానీయే భోజనం. రాత్రి పదకొండుకు మీటింగ్ పెట్టే మేనేజర్‌కూ ఇందులో వాటా ఉంది.

అధిక బరువున్నవాళ్లు తమ మొత్తం బరువులో 7 నుంచి 10 శాతం తగ్గించుకుంటే, చాలామందిలో లివర్ కొవ్వుతోపాటు వాపు కూడా తగ్గుతుంది. నడుము హద్దు దాటితే ఒంట్లో బాగానే ఉంది కదా అని వాయిదా వేయకుండా ఈ వారమే డాక్టర్‌ని కలవండి. లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ అవసరమో కాదో అడిగి తెలుసుకోండి.