హన్మాజీపేట ఒగ్గుకథకుడు

వేములవాడకు చేరువనున్న హన్మాజీపేట పేరు వినగానే, 1931లో అచ్చట జన్మించి 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందిన సి. నారాయణరెడ్డి సాహిత్యప్రియుల మదిలో మెదలుట సహజమే. కాని అదే ఊరిలో పుట్టి, కలముతో పనిలేక, నోటిమాటతోడనే పల్లెపల్లెను రాత్రులు మేలుకొలిపిన మిద్దె రాములును కరీంనగరపు పొలిమేర దాటిన పిమ్మట ఎరిగినవారు స్వల్పము. ఆయన 2010లో కన్నుమూసెను. ఆయన గొప్పదన మెట్టిదో తెలియవలెనన్న ముందుగా ఆయన విద్య యెట్టిదో తెలియవలెను.

ఒగ్గు అనగా శివుని చేతి డమరుకమును బోలిన చిన్న వాద్యము; జగ్గు అనియు అందురు. కురుమలు, గొల్లలు తమ కులదైవములైన బీరప్పను, మల్లన్నను కొలుచునపుడు దీనిని మ్రోగించి కథ చెప్పించుకొందురు గనుక కథకును ఆ పేరే స్థిరపడినది. కథ చెప్పు ఒగ్గు పూజారియే పసుపు, కుంకుమ, బియ్యపుపిండి మొదలగు పొడులతో నేలపై పట్నమను ముగ్గు వేసి, మల్లన్నకు బలిజ మేడలమ్మతోను, గొల్ల కేతమ్మతోను పెండ్లి జరిపించును. కావున ఓదెల మల్లన్న సన్నిధిని గాని, ఊరి వాకిట గాని ఈ కథ వినవచ్చినవాడు ప్రేక్షకుడు కాడు, పెండ్లికి వచ్చిన చుట్టము.

ఇక చెప్పు విధానము. తెర లేదు, అలంకరణము స్వల్పము. వచనము చెప్పుచు చెప్పుచునే కథకుడు పాటలోనికి జారును. భుజముమీది వస్త్రమును తలపై కప్పుకొన్నంతనే ఎల్లమ్మ యగును, దానిని తీసి నడుమునకు చుట్టి మీసము దువ్వినంతనే ఆమె భర్త జమదగ్ని యగును. డోలు, తాళము ఆతని వాక్యమునకు విరామచిహ్నములవంటివి: మాట ముగిసినచోట డోలు దానిని అందుకొని తన దెబ్బతో ముద్ర వేయును. అన్నిటికంటె నన్ను ముగ్ధుని జేయునది ప్రక్కనున్న వంతగాని పని. బుర్రకథలో హాస్యము, రాజకీయము అని ఇద్దరు వంతలు పంచుకొను బరువును ఇచ్చట చాలవరకు ఈతడొక్కడే మోయును. ఔనని తాళము వేయును, కాదని అడ్డుపడును, తెలియనివానివలె ప్రశ్నించును, దేవతల కాపురమును తెచ్చి ఎదుట కూర్చున్నవారి కాపురముతో ముడిపెట్టును. తల్లి ఎల్లమ్మను చంపుమన్న తండ్రిమాట విని పరశురాముడు గొడ్డలి ఎత్తునపుడు, మన గుండెలో మెదలి నోటికి రాని సందేహమును ముందుగా అడుగువాడు ఈతడే. వినువాని సందేహమునకు కథలోపలనే ఇంతటి గౌరవస్థానమిచ్చిన కళలు అరుదు.

రాములు ఎల్లమ్మ కథలో దిట్టయని పేరొందెను. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలలో ఆయన ఒగ్గుకథ వినిపించుటచే, పట్నపు ముగ్గులో పుట్టిన ఈ విద్య సముద్రము దాటెను. జనగామ ప్రాంతపు మరియొక ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్యకు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించెను. ఇవి ఆనందింపదగిన విషయములే. అయినను నాకొక దిగులు కలదు. నేడు సభలలో, ఊరేగింపులలో ఒగ్గుడోలు విన్యాసము కన్నులపండువుగా సాగుచున్నది గాని, కథకు దొరకు సమయము నానాటికి కుదించుకొనిపోవుచున్నది. ఒకని భుజములపై నొకడు నిలిచి డోలు వాయించుట అద్భుతమే, కాని ఎల్లమ్మ దుఃఖము అరగంటలో చెప్పదగినది కాదు. ఆ దుఃఖము తెల్లవారువరకు సాగిననే వినువానిదగును.

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల చదువరులారా, మీ ఊర మల్లన్న పట్నాలు వేసిననాడు సెల్‌ఫోనులో రెండు నిమిషముల డోలుమ్రోతను పట్టుకొని ఇంటికి పోకుడు. పెద్ద ఒగ్గుపూజారి అనుమతి గైకొని, కథను మొదలునుండి మంగళహారతివరకు, వంతగాని ప్రశ్నలతో సహా, రికార్డు చేసి దాచుడు.