పోగు తెగిన చోటు

సూరత్ లింబాయత్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు వినబడుతుంది. తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. మా కంప్యూటర్ బాగుచేసే తమ్ముడూ ఆ ఇళ్ల బిడ్డే.

మొన్న మా డబ్బా తెరుచుకోవడానికే పావుగంట పట్టింది. "వైరస్సే, ఫార్మాట్ కొట్టెయ్" అన్నాను.

"ఎలుక మీద కోపంతో ఇల్లు కాలవెట్టుకుంటవా అన్నా?" అని ముందుగా ఇంటర్నెట్ తీగ పీకాడు. లోపల దొంగ ఉంటే బయటివాళ్లతో మాట్లాడకూడదుగా! తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి, ప్రాసెసర్, మెమరీ, డిస్క్‌లలో ఏది రొప్పుతోందో కన్నార్పకుండా చూశాడు. తెగిన పోగు కోసం మగ్గం మీద వెతికే చూపది. నాకు ఆ చూపంటే గౌరవం.

సేఫ్ మోడ్‌లో నడిపి, మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాడు. బ్రౌజర్‌లో మా అబ్బాయి ఉచితమని తగిలించిన ఎక్స్‌టెన్షన్ ఒకటి దొరికింది, తీసేశాడు. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో హానికర ప్రోగ్రాములు తుడిచే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయనీ చెప్పాడు. మా బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్పించాడు.

అయినా వేగం రాలేదు. స్క్రూడ్రైవర్ తీశాడు. ఫ్యాన్ రెక్కల నిండా నూగు! ఊపిరాడక వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటోందట. బ్రష్‌తో దులుపుతూ నవ్వాడు:

"ఇది వైరస్ గాదన్నా, మన మగ్గమే."