“పని మానుము” అను మందు: బ్రిటనులోని ఫిట్ నోటుపై విమర్శ

నడుము నొప్పితో వైద్యుని యొద్దకు వచ్చినవాడు మందుతోపాటు మరియొక ప్రశ్నకు కూడ సమాధానము కోరును: “రేపు పనికి పోవచ్చునా, పోరాదా?” మందు విషయములో వైద్యుడు తాను చదివిన శాస్త్రమును ఆశ్రయించును. ఈ ప్రశ్న విషయములో మాత్రము చాల కాలము అలవాటునే ఆశ్రయించెను. బ్రిటనులో ఈ అలవాటును ఒక కాగితముతో మార్చవలెనని 2010లో ప్రయత్నము జరిగినది. ఆ కాగితములో శాస్త్రము చెప్పిన మాట సరిగానే వ్రాయబడినది. అయినను ఆశించిన ఫలితము రాలేదు. విమర్శకు తగిన విషయము ఇదియే.

ముందుగా శాస్త్రము ఏమి చెప్పినదో చూడవలెను. విరిగిన యెముకను కట్టు కట్టి కదలకుండ నుంచుట ఎంత సబబో, పట్టివేసిన నడుమునకు పడక అంతే సబబని 19వ శతాబ్దపు శస్త్రవైద్యులు తలచిరి. విశ్రాంతి, నొప్పి అను విషయములపై లండనులో జాన్ హిల్టన్ ఇచ్చిన ఉపన్యాసములు 1863లో గ్రంథముగా వెలువడి తరువాతి తరముల వైద్యులకు పాఠమైనవి. పోలిక చక్కనిదే గాని పరీక్షకు నిలువలేదు. 1986లో అమెరికాలో రిచర్డ్ డేయో, అతని సహచరులు 203 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు 2 రోజులు, రెండవ జట్టుకు 7 రోజులు పడక విశ్రాంతి చెప్పిరి. కోలుకొనుటలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. 2 రోజుల జట్టువారు పని మానిన దినములు మాత్రము 45 శాతము తక్కువ. 1995లో ఫిన్లండులో హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిపై జరిగిన పరీక్ష మరియొక అడుగు ముందుకు పోయినది. రెండు దినములు పడకలో నుండినవారికంటెను, నడుమునకు వ్యాయామములు చేసినవారికంటెను, ఓర్చుకొనగలిగినంత మేరకు మామూలు పనులు చేసికొన్నవారే బాగుగా కోలుకొనిరి.

ఇందులో వింత లేదు. కదలని కండరమునకు బలము తగ్గును. కదలిన నొప్పి హెచ్చునన్న భయము పెరుగును. పని మానిన కాలము సాగిన కొలది తిరిగి చేరుట కష్టమగును. (మూత్రము పట్టు తప్పుట, కాలు చచ్చుబడుట, జ్వరము, పెద్ద దెబ్బ తగులుట, వీనితో కూడిన నొప్పి సంగతి వేరు. దానికి వెంటనే వైద్యపరీక్ష కావలెను.)

2008లో కేరల్ బ్లాక్ సమర్పించిన నివేదిక సిఫారసుపై, 2010 ఏప్రిల్ 6 నుండి బ్రిటనులో కుటుంబ వైద్యులకు ఫిట్ నోటు అను కొత్త పత్రము వచ్చినది. అంతకు ముందున్న పత్రము రెండు మాటలే యెరుగును: పని మానవలెను, లేదా మాననక్కరలేదు. కొత్త పత్రము “పనికి తగడు” అను గడి ప్రక్కనే “క్రింది సలహాను పాటించినచో తగవచ్చును” అను గడిని చేర్చినది. దాని క్రింద నాలుగు చిన్న గళ్ళు గలవు: క్రమక్రమముగా పనిలో చేరుట, పనివేళల మార్పు, చేయు పనిలో మార్పు, పనిచోట సదుపాయములు. పూర్తిగా నయమైన పిమ్మటనే పనికి పోవలెనన్న భ్రమను తొలగించుటకు ఆ ఒక్క గడి చాలును. కూర్పులో ఇది మెచ్చదగిన పత్రమే.

కాని ఆ గడి ఖాళీగా మిగులుచున్నది. అన్ని వ్యాధులకు కలిపి ఇంగ్లండులో వ్రాయబడు ఫిట్ నోటులలో పదింట తొమ్మిదికి పైగా “పనికి తగడు” అనియే వచ్చుచున్నవి. వైద్యులను సోమరులనుట సులభము గాని న్యాయము కాదు. ఒక్కొక్క రోగికి దొరకునది సుమారు 10 నిమిషములు. గిడ్డంగిలో పనిచేయువాడు ఎంత బరువెత్తునో, దానిని ఏ యెత్తు నుండి దింపవలెనో, ప్రక్కవాని సాయము దొరకునో లేదో వైద్యుడు చూడలేదు. చూచిన యజమాని వైద్యుడు కాడు. ఇక నొప్పితో వచ్చినవాడు “పనికి పొమ్ము” అన్న మాట విన్నచో తన నొప్పిని నమ్మలేదని తలచును. రేపు అతని పిల్లలకు జ్వరము వచ్చినను రావలసినది ఆ వైద్యుని యొద్దకే గదా! పైగా సలహా వ్రాసినను, యజమాని దానిని పాటించి తీరవలెనన్న నిర్బంధము ఆ పత్రమునకు లేదు. మార్పులు చేయజాలనని అతడన్నచో ఆ మనిషి “పనికి తగడు” అన్నట్లే లెక్క. ఇట్టి స్థితిలో కలము మొదటి గడి వైపే పోవుట సహజము.

2022 జులై నుండి నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, ఫార్మసిస్టులు కూడ ఈ పత్రమును ఇవ్వవచ్చునని నిర్ణయించిరి. ఎవరు వ్రాయవలెనన్న ప్రశ్నకు ఇది సమాధానము. ఏమి తెలిసి వ్రాయవలెనన్న ప్రశ్న అట్లే యున్నది.

ఆ రెండవ ప్రశ్నను పట్టుకొన్న పరీక్ష ఒకటి కలదు. కీల్ విశ్వవిద్యాలయమువారు 6 వైద్యశాలలలో 338 మందిపై జరిపి 2018లో ప్రకటించిరి. వీరందరును కండరములు, కీళ్ళు, ఎముకల నొప్పులతో పనికి ఇబ్బంది పడుచున్నవారు. మూడు వైద్యశాలలలో మామూలు వైద్యముతోపాటు పనిని గూర్చి సలహా చెప్పుటకు శిక్షణ పొందిన మనిషి నుంచిరి. ఆ సలహాదారు మొదట టెలిఫోనులో మాటలాడును. అవసరమైనచో ఎదుట కూర్చుండి మాటలాడును. ఇంకను తెగనిచో పనిచోటివారిని సంప్రదించును. నాలుగు నెలలలో ఈ వైద్యశాలల రోగులు సగటున 9.3 దినములు పని మానగా, తక్కిన మూడింటివారు 14.4 దినములు మానిరి.

ఈ అంకెలను చూచి పొంగిపోరాదు. చీటీ వేసినది రోగులకు కాదు, వైద్యశాలలకు. ఆరు వైద్యశాలలే యైనప్పుడు, ఒక చోటి వైద్యుల అలవాటో, ఆ ప్రాంతపు ఉద్యోగముల తీరో ఫలితములో కలిసిపోవచ్చును. సగటు కూడ మోసకారి: చాలమంది కొద్ది దినములే మానగా, కొందరు నెలల తరబడి మానుటచే ఆ అంకె పైకి పోవును. అయినను ఆ సలహాదారు రోగిని అడిగిన ప్రశ్నలు, నీవు చేయు పని ఏది, అందులో నీకు కష్టమైనది ఏది, మార్చుటకు ఎవరిని అడుగవలెను అనునవి, ఫిట్ నోటులో ఏ గడిలోను లేవు.