నల్ల సైకిలుకి మోటారు

పాల క్యాన్లు మోసే పాత నల్ల సైకిలుకి మోటారు పెట్టడమంటే కిట్టు కొని నట్లు బిగించడమే అనుకుంటారు చాలామంది. పని తెలిసిన మెకానిక్ పక్కన కాసేపు నిలబడితే ఆ మాట మళ్లీ అనరు.

అసలు విద్యంతా చక్రం కట్టడంలోనే ఉంది. మన పెద్ద సైకిళ్లకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు పాత ఆనవాయితీ. చక్రం నడిమధ్యలో కూర్చునే హబ్ మోటార్లకేమో సాధారణంగా 36 బెజ్జాలు. అంటే రిమ్ము వేరే వెతకాలి, మోటారు లావును బట్టి పొట్టి పుల్లలు కోయించాలి. ఆపైన మెకానిక్ చక్రాన్ని తిప్పుతూ, బొటనవేలి గోరు రిమ్ముకు ఆనించి, గీసుకున్న చోటల్లా పుల్లను పావు చుట్టు బిగిస్తూ బెండు తీస్తాడు. ఈ ఓపిక ఏ కిట్టులోనూ రాదు.

మామూలు ఇరుసు బరువు మోస్తే చాలు. మోటారు ఇరుసు తాను తిరగకుండా గట్టిగా నిలవాలి కూడా. అందుకే టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీతో దాన్ని ఫోర్కుకు కట్టేస్తారు. అది లేకుండా బిగించేవాణ్ణి నేనైతే నమ్మను.

బ్రేకుల దగ్గర ఇంకో చిక్కు. కిట్టు లీవరు నొక్కగానే మోటారుకు కరెంటు ఆగుతుంది. మనవేమో కడ్డీ బ్రేకులు, వాటికి ఆ లీవరు పట్టదు. ఆ కడ్డీకే చిన్న అయస్కాంతం అతికించి, పక్కన సెన్సరు పెట్టి పని కానిచ్చేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది.

36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటే 250 వాట్ల మోటారు పూర్తి బలంతో లాగినా గంట పైచిలుకు నడుస్తుంది. తర్వాత పెడళ్లు ఎలాగూ ఉన్నాయి.