నవ్వు ఎవరి మీద? - బెన్ ఎల్టన్ వ్యంగ్య నవలలు

వ్యంగ్య రచయితను అంచనా వేసేటప్పుడు అతడెంత నవ్వించాడని కాదు, ఎవరిని చూసి నవ్వమన్నాడని అడగాలి. బ్రిటిష్ హాస్యనటుడుగా మొదలై నవలాకారుడుగా స్థిరపడిన బెన్ ఎల్టన్ విషయంలో ఈ ప్రశ్న మరీ అవసరం. ఆయన అమ్ముడుపోయాడని ఆ దేశపు విమర్శకులు కొందరు తేల్చేశారు. నేనూ కొంతకాలం ఆ మాటే అన్నాను. నవలలు వరసగా చదివాక ఆ తీర్పు తొందరపాటని గ్రహించాను.

ఎల్టన్ 1959లో లండన్‌లో పుట్టాడు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో నాటకకళ చదివాడు. అప్పటి దాకా బ్రిటిష్ క్లబ్బుల్లో హాస్యమంటే అత్తగార్ల మీద, నల్లవారి మీద, ఐరిష్ వారి మీద విసుర్లే. బలహీనుణ్ణి చూసి నవ్వే ఆ అలవాటును కాదన్న యువతరంలో ఎల్టన్ ఒకడు. తళతళలాడే కోటు వేసుకుని, ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతూ, టెలివిజన్‌లో థాచర్ ప్రభుత్వాన్ని దుయ్యబట్టి పేరు తెచ్చుకున్నాడు. అటువంటివాడు 2000లో, కన్సర్వేటివ్ పార్టీ మద్దతుదారుగా పేరుపడిన సంగీతకర్త ఆండ్రూ లాయిడ్ వెబర్‌తో కలిసి ‘ది బ్యూటిఫుల్ గేమ్’ రాయడం పాత అభిమానులకు మింగుడుపడలేదు. కాని రచయిత ఎవరి పక్కన కూర్చున్నాడన్నది సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. తీర్పు రచనల్లోనే దొరకాలి.

తొలి నవల ‘స్టార్క్’ 1989లో వచ్చింది. భూమి ఇక బతకదని ప్రపంచంలోని అపర కుబేరులకు ముందే తెలుసు. తెలిసి వాళ్ళు చేసే పని భూమిని కాపాడడం కాదు, తాము మాత్రం అంతరిక్ష నౌకలెక్కి తప్పించుకోవడం. ‘దిస్ అదర్ ఈడెన్’ (1993) ఇంకో అడుగు ముందుకేసింది. ప్రళయం వచ్చినా లోపల భద్రంగా బతకగల గాజు గోళాలను ఒక వ్యాపారి ఇంటింటికీ అమ్ముతుంటాడు. పర్యావరణం కోసం పోరాడే తిరుగుబాటుదారులకు రహస్యంగా డబ్బిచ్చేదీ అతడే. జనంలో భయం పెరిగితేనే కదా సరుకు కదిలేది! తన చావును కూడా సరుకు చేసుకోగల పెట్టుబడి స్వభావాన్ని ఎల్టన్ ఇక్కడ పట్టుకున్నాడు. హాస్యం పైపూత కాదు, విశ్లేషణే హాస్యంగా మారింది. ఈ దశలో నవ్వు యజమాని మీద.

‘పాప్‌కార్న్’ (1996)తో గురి మారింది. హింసను అందంగా చూపించి ఆస్కార్ పొందిన దర్శకుడి ఇంట్లోకి అదే రాత్రి ఇద్దరు హంతకులు దూరుతారు. తమ నేరాలకు అతడి సినిమాలే కారణమని టీవీ ముందు ఒప్పుకోమంటారు. ఆ తర్వాత హంతకుడు మరో షరతు పెడతాడు: చూస్తున్నవారంతా టీవీలు కట్టేస్తే బందీలను వదిలేస్తాను. ఎవరూ కట్టరు. చివరికి అందరూ ఒకరి మీద ఒకరు దావాలు వేస్తారు. బాధ్యత మాత్రం ఎవరికీ అంటదు. ఎల్టన్ నవలల్లో నాకు అన్నిటికంటే పదునుగా తోచింది ఇదే. కాని ఒకటి గమనించాలి. దోషి పీట మీద యజమాని స్థానంలోకి ప్రేక్షకుడు వచ్చాడు. చూసేవాడి పాపం నిజమే. ఆ చూపును తయారుచేసి లాభం పిండుకునేవాడు మాత్రం నీడలోకి జారుకున్నాడు.

‘డెడ్ ఫేమస్’ (2001) అతణ్ణి మళ్ళీ వెలుగులోకి లాగింది. కెమెరాలు నిండిన ఇంట్లో, ప్రజలు చూస్తుండగా హత్య జరుగుతుంది. కార్యక్రమానికి ఆదరణ ఎగబాకుతుంది. హంతకురాలు ఆ కార్యక్రమ నిర్మాతే. ఊహ గొప్పది. అయితే అపరాధ పరిశోధన నవలకు ఒక స్వభావం ఉంది: దొంగ దొరకగానే కథ ముగుస్తుంది. వ్యవస్థ చేసిన నేరం ఒక మనిషి చేసిన నేరంగా కుదించుకుపోతుంది. ‘స్టార్క్’లోని నేరస్తులను ఏ ఇన్‌స్పెక్టరూ అరెస్టు చేయలేడు, ఆ నవల బలమంతా అక్కడే ఉంది. ఎల్టన్ కోల్పోయింది నిబద్ధత కాదు, దానికి తగిన రూపం.

మరో లోపం కూడా చెప్పక తప్పదు. ఆయన పాత్రలు తరచు వేదిక మీది ఎల్టన్ గొంతుతోనే మాట్లాడతాయి. చమత్కారం అయ్యేదాకా మనిషి ఆగాలి. రిచర్డ్ కర్టిస్‌తో కలిసి రాసిన ‘బ్లాకాడర్ గోస్ ఫోర్త్’ (1989) ముగింపు ఈ లోపాన్ని జయించింది. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల్లో ఆరు భాగాల పాటు నవ్వించిన మనుషులు, దూరాన సుఖంగా ఉన్న సేనాని ఆజ్ఞ మీద తుపాకుల కెదురుగా పరుగెడతారు. నవ్వు హఠాత్తుగా ఆగిపోతుంది. అప్పటిదాకా మనమెందుకు నవ్వామో అప్పుడు అర్థమవుతుంది.

హాస్యం సరుకైపోతుందని భయపడి హాస్యాన్ని వదిలేయడం పరిష్కారం కాదు. నవ్వును ఎక్కడ ఆపాలో, ఆగిన చోట పాఠకుడి చూపు ఎవరి మీద నిలవాలో రచయిత తెలుసుకోవాలి. ఎల్టన్ ఆ చోటును కొన్నిసార్లు కనుక్కున్నాడు, చాలాసార్లు దాటిపోయాడు. వ్యంగ్యం రాయబూనే వారికి ఈ రెండూ పాఠాలే.